పావంగుళం గడప

మా అమ్మ చేతిలో మేం అక్కచెల్లెళ్ళం నలుగురం తిన్న చివాట్లలో సగం గడప దగ్గర తిన్నవే. "గడప మీద కూర్చోకే!" "గడప తొక్కి నడుస్తావేమే, లక్ష్మీదేవి కాదుటే అది!" "అటో కాలూ ఇటో కాలూ వేసుకుని ఆ నిలబడ్డమేమిటే? వుంటే లోపలుండు, పోతే బయటికి పో!" కూర్చుంటే ఏమవుతుందమ్మా అని ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "హిరణ్యకశిపుడికి ఏమైందో అదే అవుతుంది" అంది, పప్పు రుబ్బుతూ తలైనా ఎత్తకుండా. ఇంటా కాదు, బయటా కాదు అని వరం కోరుకున్నవాణ్ణి నరసింహస్వామి గడప మీదే కదూ చీల్చింది! ఆ తర్వాత చాలా రోజులు గడపని ఎగిరి దూకి మరీ దాటేదాన్ని.

మా పుట్టింటి గడపలు కూడా ఆషామాషీవి కావు. జానెడెత్తుండేవి. శుక్రవారం వచ్చిందంటే తెల్లవారుజామునే వాటికి పసుపు రాయడం, కుంకుమ బొట్లు పెట్టడం, బియ్యప్పిండితో ముగ్గు గీత లాగడం నా వంతు. మా ఇంట్లో చంటిపిల్లలకి ప్రతిదానికీ ఒక పిండివంట వుండేది. అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. పాకే పిల్ల ఆ జానెడు కొండ ఎక్కి అవతలికి దొర్లిందంటే వీధి వీధంతా గారెలు పంచాల్సిందే.

అలాంటి నేను అరవై ఎనిమిదో ఏట సముద్రాలు దాటి వెళ్ళి, అమెరికాలో ఒహైయో రాష్ట్రంలో కొలంబస్ అనే ఊళ్ళో, మా అబ్బాయి ఇంట్లో పడగ్గది గుమ్మం దగ్గర బాసింపట్టు వేసుకు కూర్చుని, ఒక చేత్తో సుత్తీ, ఇంకో చేత్తో అట్లకాడా పట్టుకుని స్వయంగా గడప వేశానంటే నమ్ముతారా? మా చెల్లెళ్ళు నమ్మలేదు. "వయసుతోపాటు నీకు కోతలు కూడా ఎక్కువయ్యాయే అక్కా" అన్నారు. అందుకే ఉన్నదున్నట్టు మీకు చెబుతున్నాను.

అక్కడి ఇళ్ళలో గదికీ గదికీ మధ్య మన గడపల్లాంటివి వుండవు. కానీ ఒక గదిలో చెక్క నేలా, పక్క గదిలో కార్పెట్టూ వున్నాయనుకోండి, ఆ రెండూ కలిసే చోట గుమ్మంలో ఒక సన్నటి పట్టీ వేస్తారు. చెక్క అంచు కనబడకుండా, కార్పెట్టు పోగులు లేవకుండా, రెంటినీ కలుపుతుందన్నమాట. జాకెట్టు గుడ్డకీ చేతి గుడ్డకీ మధ్య పైపింగు వేయిస్తాం చూడండి, అలా. దాన్ని వాళ్ళు ట్రాన్సిషన్ స్ట్రిప్ అంటారు. నాకు నోరు తిరగలేదు. గడప అన్నాను. మా మనవడు కూడా ఇప్పుడు గడపే అంటాడు.

మావాడు ఆ ఇల్లు కొన్నప్పుడు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అంతా కార్పెట్టే. మనవడికి ఒకటే తుమ్ములు. దుమ్ము కార్పెట్టులో దాక్కుంటుంది, తీసేయించండి అన్నాడట డాక్టరు. హాలులోనూ, భోజనాల బల్ల దగ్గరా తీసేసి ఓకు చెక్క పరిపించారు. పడగ్గదుల దాకా వచ్చేసరికి డబ్బులు అయిపోయాయి. అక్కడ కార్పెట్టు అలాగే వుంది. మేం వెళ్ళేసరికి ఇంట్లో రెండు రకాల నేలలు.

ఆ కార్పెట్ల కథ మావారు చదివి చెప్పారు. వినడానికి ముచ్చటగా వుంటుంది. జార్జియా రాష్ట్రంలో డాల్టన్ అనే ఊళ్ళో 1895లో ఒక పదిహేనేళ్ళ పిల్ల, కేథరిన్ ఇవాన్స్ అని, మంచం దుప్పటి మీద దారాన్ని కుచ్చులు కుచ్చులుగా పైకి లేపి కుట్టింది. 1900లో అలాంటిది ఒకటి రెండున్నర డాలర్లకి అమ్మింది. చూసినవాళ్ళంతా మాకూ కావాలన్నారు. ఊరి ఆడవాళ్ళంతా అరుగుల మీద కూర్చుని అవే కుట్టారు. తర్వాత ఆ కుట్టుకి మిషన్లొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అదే కుట్టుతో కార్పెట్లు వచ్చాయి. డాల్టన్ ప్రపంచానికే కార్పెట్ల రాజధాని అనిపించుకుంది. ఒక ఆడపిల్ల చేతికుట్టు పెరిగి పెరిగి ఒక దేశం కాళ్ళ కింద పరుచుకుందన్నమాట. మరి మనం కుట్టిన దిండు గలీబులు ఏ రాజధానినీ నిలబెట్టలేదు!

సరే, అసలు సంగతికొస్తాను.

మావారు రోడ్లూ భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్ళ క్రితం పక్షవాతం ఒకసారి వచ్చి, భయపెట్టి, పోయింది. పోతూ పోతూ ఎడమ పాదంలో కాస్త బలం పట్టుకుపోయింది. మాట బాగానే వుంది, చెయ్యి బాగానే వుంది. ఎడమ పాదం మాత్రం నేల మీంచి సరిగ్గా లేవదు, ఈడుస్తారు. ఈడుస్తున్నారని మనం అనకూడదు. అంటే ఆ పూట ఇంట్లో మాటలుండవు.

మేం మే నెలలో వెళ్ళాం. మొదటి వారం బ్రహ్మాండంగా గడిచింది. పొద్దున్నే హాల్లో కిటికీ పక్కన కూర్చుని ఉడతల్ని లెక్కపెట్టేవారు. రాత్రి బల్ల దగ్గర కూర్చుని మనవడికి తను కట్టించిన వంతెనల కథలు చెప్పేవారు. రెండో వారంనుంచీ ఏమైందో ఏమిటో, గదిలోంచి బయటికి రావడం మానేశారు. పుస్తకం పట్టుకుని మంచం మీదే. "భోజనానికి రండి" అంటే "ఇక్కడికే పట్టుకురా" అనేవారు. మనవడు పిలిస్తే "నువ్వే రా నాన్నా" అనేవారు.

ఒకరోజా, రెండ్రోజులా? పదిరోజులు గడిచాయి. కోడలు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది. "అత్తయ్యగారూ, మామయ్యగారికి నా వంట నచ్చడం లేదా? నేనేమైనా పొరపాటు చేశానా?" దాని కళ్ళు చూస్తే నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. ఉదయం ఏడింటికి ఆఫీసుకి పోయి, సాయంత్రం ఆరింటికొచ్చి, ఉప్పు తక్కువ, నూనె తక్కువ చూసి వండుతున్న పిల్ల అది. మా అబ్బాయిది ఇంకో రకం. "నాన్నకి ఇక్కడ వుండటం ఇష్టం లేనట్టుందమ్మా. టిక్కెట్లు ముందుకి జరపమంటావా?" అన్నాడు. మామూలుగా అన్నాననుకున్నాడు గానీ, వాడి గొంతు నాకు తెలియదూ? అయిదేళ్ళప్పుడు తండ్రి తిరనాళ్ళకి తీసుకెళ్ళలేదని అలిగినప్పటి గొంతు అది.

నాకు ఈయన మీద ఒళ్ళు మండింది. పిల్లల ఇంటికొచ్చి ఈ అలకేమిటి? కొత్తల్లుడా? ఆ రాత్రి గట్టిగానే దులిపాను. "వాళ్ళు ఏం తక్కువ చేశారని? ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని తిరుగుతోంది" అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. "నాకేం అలక లేదు" అన్నారు, అంతే.

ఆ తెల్లవారుజామున మెలకువ వచ్చింది. పక్కన ఆయన లేరు. కళ్ళు తెరిచి చూద్దును కదా, గుమ్మం దగ్గర నిలబడి వున్నారు. కుడిచెయ్యి ద్వారబంధం మీద. తల వంచి నేలకేసి చూస్తున్నారు. ఎడమ పాదం ముందుకి జరిపారు. అది దేనికో తగిలి ఆగింది. వెనక్కి తీశారు. మళ్ళీ జరిపారు. మళ్ళీ తగిలింది. కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత నెమ్మదిగా వెనక్కొచ్చి మంచం మీద కూర్చున్నారు. నేను నిద్రపోతున్నట్టే పడుకున్నాను. ముప్ఫై ఏళ్ళు రోడ్లు వేసిన మనిషి, అరంగుళం దాటలేక వెనక్కి రావడం నేను చూశానని ఆయనకి తెలియకూడదనిపించింది.

తెల్లారాక ఆ గుమ్మం దగ్గర చతికిలబడి చూశాను. నేల వేసిన మేస్త్రీ, చెక్క పట్టీ తర్వాత తెచ్చి వేస్తానని చెప్పి, తాత్కాలికంగా ఒక పల్చటి ఇత్తడి రంగు రేకు బిగించి పోయాడట. ఆ తర్వాత రాలేదు. రేకు మరలు రెండు వదులై పైకి లేచాయి. ఒక అంచు ఎండిన అరిటాకులా ముడుచుకుంది. పైగా ఓకు చెక్క మందం ముప్పావంగుళం. ఇటువైపు కార్పెట్టు ఆ అంచు దగ్గర నలిగి అణిగిపోయింది. హాల్లోంచి గదిలోకి వెళితే కిందికి దిగడం. గదిలోంచి హాల్లోకి రావాలంటే పైకెక్కడం. అదీ సంగతి! లోపలికి వెళ్ళగలరు, బయటికి రాలేరు. మనకి కంటికి ఆనదు. ఈడ్చే పాదానికి అది భద్రాద్రి కొండ.

కాఫీ ఇస్తూ మెల్లిగా అడిగాను. "ఎప్పుడైనా పడ్డారా?" చాలాసేపు మాట్లాడలేదు. "నువ్వు కోడలితో గుడికి వెళ్ళిన రోజు" అన్నారు చివరికి. "దెబ్బేం తగల్లేదు. చేతులు ఆనించుకున్నాను. లేవడానికి పావుగంట పట్టింది."

"చెప్పొచ్చు కదండీ!"

"చెబితే చక్రాల కుర్చీ తెస్తారు. వాడి ఇంటికి నడిచి వచ్చాను. నడిచే వెళ్ళాలి."

ఇంక నేనేం అంటాను?

మధ్యాహ్నం కోడలికి ఫోను చేసి చెప్పాను, ఆయన మాట పోకుండా, రేకు లేచిపోయిందని మాత్రమే. ఆ పిల్ల తెలివైనది. ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత "మామయ్యగారికి తగిలిందా అత్తయ్యగారూ?" అంది. నేను జవాబు చెప్పకపోవడమే జవాబయింది. సాయంత్రం వచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా గుమ్మం దగ్గర కూర్చుని ఆ రేకుని వేలితో తడిమి చూసి ఏడ్చింది. "రోజూ దీన్ని దాటుతున్నాను. చూడనేలేదు" అంది.

పనివాణ్ణి పిలిస్తే మూడు వారాల తర్వాత వస్తానన్నాడు. గుమ్మం ఒక్కటికీ రెండు వందల యాభై డాలర్లన్నాడు. మా అబ్బాయి ఆ వారమంతా వేరే ఊళ్ళో పని మీద వున్నాడు. "మనమే వేద్దాం అత్తయ్యగారూ" అంది కోడలు. "మనమా?" అన్నాను. "మీరు అరిసెలు వత్తుతారు, బొబ్బట్లు చేస్తారు. ఇది అంతకంటే కష్టమా?" అంది. పొగిడితే ఎవరు మాత్రం కాదంటారు చెప్పండి?

శనివారం హోమ్ డిపోకి వెళ్ళాం. గాజుల దుకాణంలో వరసలున్నట్టు పట్టీలు, గోడంతా! ఇంగ్లీషు 'టి' అక్షరంలా వుండేది ఒకటి, అది రెండువైపులా సమానమైన ఎత్తు చెక్క నేలలుంటే వాటి మధ్య వేసేదిట. ఒకవైపు వాలుగా వుండేది ఇంకోటి, ఎత్తు నేల నుంచి పల్లపు నేలకి దిగడానికి. కార్పెట్టు కోసం వేరేగా వుంది. దాని ఒక అంచు పెదవిలా ముందుకొచ్చి చెక్క మీద కూర్చుంటుంది, రెండో అంచు తిన్నగా కిందికి దిగుతుంది. ఆ అంచుని ఆనుకుని కార్పెట్టుని మడిచి దూర్చాలి. ఓకుదే, ఆరున్నర అడుగులది, ఒకటి కొన్నాం. కార్పెట్టు కిందికి పెట్టడానికి ఒకవైపు మందంగా, రెండోవైపు కాగితమంత పల్చగా వుండే వాలు చెక్కలు కూడా కొన్నాం. మందంవైపు గుమ్మం దగ్గరకి పెడితే, కార్పెట్టు తెలియకుండా పైకెక్కుతూ వచ్చి పట్టీ ఎత్తుకి చేరుతుంది.

ఇంటికి తేగానే వేసేద్దామంది కోడలు. మంచం మీంచి ఒక గొంతు వినబడింది. "నాలుగు రోజులు ఆ గదిలోనే పడుకోబెట్టండి దాన్ని. ఇంటి గాలి పట్టాలి." అది పదిరోజుల్లో ఆయన పిలవకుండా అన్న మొదటి మాట! కోడలికి అర్థంకాకపోతే నేను చెప్పాను. "జాకెట్టుకి లైనింగు గుడ్డ ముందు తడిపి ఆరేస్తామా, లేదా? తడపకుండా కుడితే మొదటి ఉతుక్కే ముడుచుకుపోయి జాకెట్టంతా పాడుచేస్తుంది. ఇదీ అంతే." ఆయన పుస్తకం పక్కనపెట్టి "అంతే, అంతే" అన్నారు.

ఆ నాలుగు రోజుల్లో ఆయన మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఈ విషయం మీద ఎక్కడేం వుందో చదివించారు. 1990లో అమెరికా వాళ్ళు అంగవైకల్యం వున్నవాళ్ళ కోసం ఒక చట్టం చేశారట. నలుగురూ తిరిగే భవనాల్లో నేల ఎత్తు మారే చోట పావంగుళం దాకా అయితే నిలువుగా వుండచ్చు. పావు దాటి అర అంగుళం దాకా వుంటే వాలు చెక్కాలి, ఆ వాలు కూడా రెండుకి ఒకటి మించి నిటారుగా వుండకూడదు. అర అంగుళం దాటితే ర్యాంపే కట్టాలి. సొంత ఇళ్ళకి ఆ లెక్క వర్తించదు. అయినా మావారికి ఎంత సంబరమో! "చూశావా, పావంగుళాన్ని కూడా ఒక గవర్నమెంటు లెక్కలోకి తీసుకుంది!" అన్నారు. తన పాదానికి సాక్షి దొరికినట్టయింది ఆయనకి.

బుధవారం సాయంత్రం ముహూర్తం. గుమ్మం పక్కన, గదిలోనే, కుర్చీ వేయించుకుని ఆయన కూర్చున్నారు, సైటు మీద ఇంజనీరుగారిలా. కోడలు రేకు మరలు విప్పింది. రేకు తీసి, కార్పెట్టు అంచు లేపి చూస్తే కింద ప్లైవుడ్డు, దాని మీద ఒక సన్నటి బద్ద. ఆ బద్ద నిండా వాలుగా నిలబడ్డ మేకుల ముళ్ళు, పనసకాయలా. కార్పెట్టుని గట్టిగా పట్టుకునేవి అవేనట. చూసుకోకుండా చెయ్యి వేశాను. రెండు బొట్లు రక్తం. "గడపకి కుంకుమ పెట్టడం అయిపోయింది" అన్నాను. ముగ్గురం నవ్వాం. ఆ గదిలో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో!

కోడలు గుమ్మం వెడల్పు కొలిచి, పట్టీ మీద గీత గీసి, రంపంతో కోసింది. పెట్టి చూస్తే పావంగుళం పొట్టి! "ఎక్కడ కొలిచావమ్మా?" అన్నారు ఆయన. "ఇక్కడ, కాస్త పైన." "ద్వారబంధం పైనొకలా, కిందొకలా వుంటుంది. మూడుచోట్ల కొలవాలి. పట్టీ పడుకునే చోటే కొలవాలి." పిల్ల మొహం చిన్నబోయింది. "ఏం ఫర్వాలేదు, నేను వంతెనకే ఇంతకంటే పెద్ద తప్పు చేశాను" అన్నారాయన. నలభై ఏళ్ళ కాపురంలో ఈ వంతెన సంగతి నాకెప్పుడూ చెప్పలేదు, కోడలికి చెప్పారు! అదృష్టం కొద్దీ ఆరున్నర అడుగుల పట్టీ కనక ఇంకో ముక్కకి చోటుంది. రెండోది మూడుచోట్ల కొలిచి, కోసి, అంచుకి ఉప్పుకాగితం రుద్దితే అచ్చంగా కూర్చుంది.

"తలుపు వేసి చూడండి" అన్నారు. వేస్తే తలుపు కింద సందు మిగిలింది. "ఇప్పుడు మరలకి బెజ్జాలు పెట్టండి. ఓకు మొండి చెక్క. బెజ్జం లేకుండా మర దింపితే నిలువునా చీలుతుంది."

కోడలు బెజ్జాలు రెండు వరసలు గుర్తుపెట్టింది. ఒక వరస కింద ప్లైవుడ్డులోకి, ఇంకో వరస హాలు చెక్కలోకి. గట్టిగా వుంటుందని. ఆయన చెయ్యెత్తి ఆపేశారు.

"ఒక్క వరసే. కింది ప్లైవుడ్డుకి మాత్రమే. హాలు చెక్కకి ఒక్క మర కూడా వద్దు."

"కదిలిపోదా మామయ్యగారూ?"

"పట్టీ కదలదు. చెక్క కదులుతుంది. కదలాలి. ఇక్కడ వేసవిలో గాలి తేమ. చెక్క తాగి ఉబ్బుతుంది. చలికాలం ఇంట్లో హీటరు వేస్తారు, గాలి పొడి, ముడుచుకుంటుంది. పొడుగునా పెద్దగా పెరగదు చెక్క, అడ్డంగా పెరుగుతుంది." నాకేసి చూశారు. "మనుషుల్లాగే."

"చాల్లెండి" అన్నాను.

ఆయన నవ్వి, మళ్ళీ చెప్పారు. "పలకలు గుమ్మానికి అడ్డంగా పరిచారు కనక ఆ పెరగడమూ తగ్గడమూ ఇక్కడే తెలుస్తుంది. పట్టీ పెదవి చెక్క మీద ఊరికే ఆని వుండాలి. దాని కింద చెక్క తన దారిన జరుగుతుంది. రెంటికీ కలిపి మేకు కొట్టావనుకో, చెక్కైనా చీలుతుంది, పట్టీ అయినా లేస్తుంది. మేస్త్రీ వేసిన రేకు అలాగే లేచింది. మరలు సగం ఇటూ సగం అటూ దింపాడు."

కోడలు గుర్తులు తుడిపేసింది. నేను మాట్లాడకుండా కూర్చున్నాను. కొడుకునీ కోడలినీ మనింటికి బిగించాలనీ, మనల్ని వాళ్ళింటికి బిగించాలనీ నేను ఎన్ని మరలు తిప్పానో ఈ వయసు దాకా! పండక్కి రాలేదని ఒకటి, ఫోను చెయ్యలేదని ఒకటి. ఎవర్ని ఉద్దేశించి అన్నారో ఆయన, చెక్కనే ఉద్దేశించారో గానీ, నాకు తగలాల్సిన చోట తగిలింది.

కోడలు మరలు దింపింది. వాలు చెక్కలు పరిచి, వాటి మీద కొత్త ముళ్ళ బద్ద కొట్టింది, పట్టీకీ దానికీ మధ్య చిటికెన వేలు కంటే సన్నటి సందు వదిలి. కార్పెట్టుని ముందుకి లాగి ముళ్ళకి తగిలించి, మిగిలిన అంచుని ఆ సందులోకి దూర్చాలి. అద్దెకి తెచ్చిన పనిముట్టు ఒకటుంది, మోకాలితో తంతే కార్పెట్టు బిగుసుకుంటుంది. ఆ తన్నడం కోడలిది. దూర్చడం నాది. ఇచ్చిన బద్ద నా చేతికి ఒదగలేదు. లేచి వెళ్ళి వంటింట్లోంచి అట్లకాడ తెచ్చుకున్నాను. కజ్జికాయ అంచు మడిచినట్టు కొంచెం కొంచెంగా మడుస్తూ, అట్లకాడతో నొక్కుతూ, పైన చిన్నగా సుత్తితో తడుతూ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్ళాను. లేచి చూస్తే ఒక్క పోగు బయటికి లేదు. మా అమ్మ చూస్తే గడప మీద కూర్చున్నానని ముందు తిట్టేది, తర్వాత అంచు మడత చూసి మెచ్చుకునేది.

పసుపు రాద్దామని చెయ్యి లాగింది నిజమే. తెల్లటి కార్పెట్టుకి మరకవుతుందని ఊరుకున్నాను.

అప్పుడు ముగ్గురం కాసేపు మాటలు లేకుండా వున్నాం. "చూడండి" అని మేం అనలేదు. కోడలు పనిముట్లు సర్దుతున్నట్టు అటు తిరిగింది. నేను దారప్పోగులు ఏరుతున్నట్టు ఇటు తిరిగాను. కుర్చీ కిర్రుమంది. పాదం ఈడుస్తున్న చప్పుడు, కార్పెట్టు మీద మెత్తగా. తర్వాత చెక్క మీద చప్పుడు. మధ్యలో ఆగిన చప్పుడు లేదు. తిరిగి చూసేసరికి ఆయన హాలు కిటికీ దగ్గర వున్నారు. "ఉడతలన్నీ ఎక్కడికి పోయాయర్రా?" అని అడుగుతున్నారు, ఏమీ జరగనట్టు.

అవతలి రోజు పొద్దున్నే మినప్పప్పు నానబోశాను. ఆ రాత్రి మా అబ్బాయి ఊరునుంచి వచ్చేసరికి బల్ల దగ్గర తండ్రి కూర్చుని వున్నాడు. పళ్ళెం నిండా గారెలు. వాడు గుమ్మంలోనే నిలబడిపోయి తండ్రినీ, గారెల్నీ చూశాడు. "ఏమిటమ్మా ఇవాళ పండగ?" అన్నాడు. కోడలికి మా ఇంటి ఆచారం ఎప్పుడో చెప్పాను కాబోలు, అదే అందుకుంది. "మనింట్లో ఒకరు గడప దాటారు" అంది. వాడికి అర్థమయిందో లేదో గానీ వచ్చి తండ్రి పక్క కుర్చీలో కూర్చుని, టిక్కెట్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

అక్టోబరులో మేం తిరిగొచ్చేశాం. ఆయన అన్నట్టే ఆ ఇంట్లోంచి నడిచే బయటికొచ్చారు.

జనవరిలో ఒక రాత్రి కోడలు ఫోను చేసింది, కంగారుగా. "మామయ్యగారూ, గడప దగ్గర చెక్క వెనక్కి జరిగినట్టుంది. పట్టీ పెదవి పక్కన వెంట్రుకంత తెల్లటి గీత కనబడుతోంది. పలకల మధ్య కూడా సందులొచ్చాయి. పాడైపోయిందా? బిగించమంటారా?"

"అక్కడ చలి ఎలా వుందమ్మా?" అన్నారు ఈయన.

"బాగా వుందండీ. హీటరు రాత్రీ పగలూ నడుస్తోంది."

"అయితే ఏం కాలేదు. పట్టీ గట్టిగా వుందా?"

"వుందండీ."

"మరింకేం? చెక్కని జరగనీ. ఎండలొచ్చేసరికి అదే వచ్చి కలుస్తుంది."

ఫోను నాకిచ్చారు. పండక్కి రాలేదేమని అడుగుదామని అప్పటిదాకా అనుకుంటూనే వున్నాను. అడగలేదు. "ఎండలొచ్చాక వస్తారా?" అన్నాను.

"వస్తాం అత్తయ్యగారూ. గారెలకి పప్పు నానబోసి వుంచండి" అంది.